పేరు పోయింది... కలం ఆగలేదు

యథార్థ గాథ

గోరఖ్‌పూర్, 1890ల తొలి రోజులు. బడికి వేళవుతోంది. 13 ఏళ్ల ధన్‌పత్ కాగితాల కట్ట ఒకటి పట్టుకుని మేనమామ మంచం దగ్గరికి వచ్చాడు. దాన్ని తలగడ పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు బడికి వెళ్లిపోయాడు.

అది నాటకం. తన చేత్తో రాసి, తప్పుల్లేకుండా సాపు చేసిన మొట్టమొదటి రచన. అందులో నవ్వులపాలైన కథానాయకుడు ఆ మేనమామే.

వరసకు మేనమామ. నడివయసు వచ్చినా పెళ్లి కాలేదు. ధన్‌పత్ చేతిలో నవల కనిపిస్తే చాలు, మండిపడేవాడు. మీ నాన్నకు చెబుతానని బెదిరించేవాడు. అన్ని నీతులు చెప్పిన మనిషి తన ఇంట్లో పనిచేసే దళిత స్త్రీ వెంట పడ్డాడు. ఆమె వాడవాళ్లు కాపు కాసి పట్టుకుని చావబాదారు. ఆ వార్త పిల్లవాడి చెవిన పడింది. కసి తీర్చుకునే దారి దొరికింది. రాసింది స్నేహితులకు చదివి వినిపిస్తే పగలబడి నవ్వారు.

సాయంత్రం గుండె దడదడలాడుతుండగా ఇంటికి వచ్చాడు. మామ లేడు. ఆయన సామాన్లు లేవు. నాటకమూ లేదు. తగలబెట్టాడో, వెంట తీసుకుపోయాడో ఎవరికీ తెలియదు.

అక్షరం మనిషిని ఎంత దెబ్బ కొట్టగలదో ఆ రోజు ధన్‌పత్‌కు తెలిసింది. ఎవరిని కొట్టాలో, ఎవరి పక్కన నిలబడాలో తెలియడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఆ స్త్రీ లాంటి వాళ్ల గొంతు ‘సద్గతి’, ‘ఠాకూర్ కా కువా’ కథల్లో దేశమంతా విన్నది. అప్పటికి ఆ కుర్రవాడి పేరు ప్రేమ్‌చంద్.

బుద్ధిలాల్ కొట్టు

కాశీకి దగ్గర్లోని లమహీ గ్రామంలో 1880 జూలై 31న పుట్టాడు ధన్‌పత్ రాయ్. తండ్రి అజాయబ్ లాల్ తపాలా శాఖలో గుమాస్తా. ఎనిమిదేళ్లు నిండీ నిండకముందే తల్లి పోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఇంట్లో పలకరించే దిక్కు తగ్గిన పిల్లవాడికి పుస్తకం చేతికందింది. మౌల్వీగారి దగ్గర నేర్చిన ఉర్దూ, ఫారసీ అక్షరాలే పెట్టుబడి. హిందీ అప్పటికి రాదు.

గోరఖ్‌పూర్‌లో రేతీ అనే పేటలో బుద్ధిలాల్ అనే ఆయనకు పుస్తకాల కొట్టు ఉండేది. ధన్‌పత్ అక్కడే కూర్చుని నవలలు చదివేవాడు. కానీ రోజంతా కూర్చోనిచ్చేదెవరు? కొనడానికి డబ్బేది? చివరికి ఇద్దరి మధ్య ఒక ఒప్పందం కుదిరింది. కొట్లోని ఇంగ్లీషు పాఠాల నోట్సులు, గైడ్లు ధన్‌పత్ బడిలో అమ్మిపెట్టాలి. అందుకు బదులు నవలలు ఇంటికి తీసుకెళ్లి చదువుకోవచ్చు.

ఇక చూడండి! సర్షార్, షరర్, మీర్జా రుస్వా, ఎవరి నవల దొరికితే వాళ్లది నమిలి మింగేశాడు. రెండు మూడేళ్లలో వందల నవలలు చదివి ఉంటానని తర్వాత తనే రాసుకున్నాడు. నవలలు అయిపోతే లక్నోలోని నవల్ కిశోర్ ప్రెస్ అచ్చువేసిన పురాణాల ఉర్దూ అనువాదాలు పట్టాడు. ఆపైన ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’. మాయలు, మాంత్రికులు, మాయమయ్యే కోటలతో సాగే ఆ మహా దాస్తాన్ సంపుటాలు ఎత్తితేనే బరువు. వాటిలోనూ కొన్ని పూర్తిచేశాడు.

కథ తర్వాతి మలుపు కోసం పాఠకుడు ఎందుకు ఆగలేకపోతాడో ఆ కుర్రవాడికి ఎవరూ పాఠం చెప్పలేదు. ఆగలేకపోయింది తనే కనుక ఆ రహస్యం తనలోకే ఇంకింది.

గుర్రాల సావడి మీద గది

15 ఏళ్లకు పెళ్లి చేశారు. కాస్త అటూ ఇటూగా ఏడాదికి తండ్రి పోయాడు. సవతి తల్లి, ఆమె పిల్లలు, భార్య... అందరి భారం తొమ్మిదో తరగతి కుర్రవాడి నెత్తిన పడింది. కాశీలోని క్వీన్స్ కాలేజీ బడిలో చదువు. మూడున్నరకు బడి వదిలితే, నాలుగింటికల్లా ఒక ఇంట్లో ట్యూషన్. ఆరు దాకా చెప్పి, అయిదు మైళ్లు నడిచి పల్లె చేరేసరికి రాత్రి ఎనిమిది. మర్నాడు ఉదయం ఎనిమిదికి మళ్లీ నడక. మధ్యలో బుడ్డి దీపం ముందు పుస్తకం తెరిస్తే ఎప్పుడు నిద్ర ముంచుకొచ్చేదో తెలిసేది కాదు.

మెట్రిక్ రెండో తరగతిలో గట్టెక్కింది. కాలేజీ మెట్లు మాత్రం ఎక్కలేకపోయాడు. లెక్కలు అడ్డం వచ్చాయి. ఒక వకీలు కొడుక్కి చదువు చెప్పే పని దొరికింది. నెలకు 5 రూపాయలు. రెండు తను ఉంచుకుని మూడు ఇంటికివ్వాలని లెక్క. వకీలుగారి గుర్రాల సావడి మీద చిన్న మట్టి గదిలో గోనెపట్టా పరుచుకున్నాడు. బజారు నుంచి చిన్న దీపం తెచ్చుకున్నాడు. ఒక్కపూట కిచిడీ వండుకుని, గిన్నె కడిగి, గ్రంథాలయానికి పోయేవాడు. లెక్కలు నేర్చుకోవడం పేరుకే. చదివింది ‘ఫసానా-ఎ-ఆజాద్’, ‘చంద్రకాంతా సంతతి’, ఉర్దూలో దొరికిన బంకించంద్రుడి నవలలు.

1899 చలికాలం. చేతిలో కానీ లేదు. వేయించిన శనగలతో రోజులు నెట్టాడు. చివరికి ఎంతో జాగ్రత్తగా దాచుకున్న చక్రవర్తి అంకగణితం గైడు తీసుకుని పుస్తకాల కొట్టుకు బయల్దేరాడు. రెండు రూపాయల పుస్తకం, రూపాయికి బేరం తెగింది. కొట్టు దిగబోతుంటే అక్కడే కూర్చున్న పెద్దమనిషి ఒకాయన పలకరించాడు. చునార్‌లో చిన్న బడికి ప్రధానోపాధ్యాయుడట. సహాయ ఉపాధ్యాయుడు కావాలట. జీతం 18 రూపాయలు.

అంత సొమ్ము ఆ కుర్రవాడి ఊహకు కూడా అందనిది. వెంటనే ఒప్పుకున్నాడు. పుస్తకాల కొట్టు ఒకసారి నవలలిచ్చింది, ఈసారి అన్నం పెట్టింది.

ఐదు కథలు

మరుసటేడు సర్కారు బడిలో ఉద్యోగం వచ్చింది. బహరాయిచ్, ప్రతాప్‌గఢ్, శిక్షణ కోసం అలహాబాద్, 1905లో కాన్పూర్... ఊళ్లు మారుతూనే ఉన్నాయి. ఎక్కడున్నా కలం కదులుతూనే ఉంది. 1903 అక్టోబరు నుంచి కాశీ వారపత్రిక ‘ఆవాజ్-ఎ-ఖల్క్’లో తొలి నవల సీరియల్‌గా వచ్చింది. కాన్పూర్‌లో ఉర్దూ పత్రిక ‘జమానా’ సంపాదకుడు మున్షీ దయానారాయణ్ నిగమ్ ఆప్తమిత్రుడయ్యాడు. ఆ రోజుల్లోనే, 1906లో, లోకం ఏమంటుందోనని వెనుదీయకుండా బాలవితంతువు శివరాణీదేవిని పెళ్లాడాడు. ఆమె కూడా తర్వాత కథలు రాసింది. భర్త జీవితం గురించి ‘ప్రేమ్‌చంద్ ఘర్ మే’ అనే పుస్తకం రాసింది.

టాగోర్ కథలు ఇంగ్లీషులో చదివి కొన్నిటిని ఉర్దూ చేశాడు. బయట బెంగాల్ విభజన మంట, స్వదేశీ హోరు. ఇవన్నీ కలిసి కథలుగా పొంగాయి. 1908లో ఐదు కథల పుస్తకం ‘సోజ్-ఎ-వతన్’ జమానా ప్రెస్ నుంచి వచ్చింది. రచయిత పేరు నవాబ్ రాయ్. చిన్నప్పుడు పెదనాన్న ముద్దుగా పిలిచిన ‘నవాబ్’నే కలంపేరు చేసుకున్నాడు.

మొదటి కథలో ఒక ప్రేమికుడు లోకంలోకెల్లా అమూల్యమైన రత్నం కోసం దేశదేశాలు తిరుగుతాడు. నడక అచ్చంగా దాస్తాన్‌ది. చివరికి దొరికే రత్నం మాత్రం మాయలది కాదు. దేశం కోసం రాలిన ఆఖరి రక్తపు బొట్టు. గోరఖ్‌పూర్ కొట్లో చదివిన మాయల కథకు కాలం కొత్త ప్రాణం పోసింది.

రాత్రంతా ఎడ్లబండి

1909లో ఉద్యోగం హమీర్‌పూర్ జిల్లాకు మారింది. స్కూళ్ల సబ్ డిప్యూటీ ఇన్‌స్పెక్టర్. మహోబా కేంద్రంగా పల్లె పల్లెకూ తిరగాలి. చలికాలంలో ఒక రాత్రి గుడారంలో కూర్చుని ఉండగా కబురొచ్చింది. కలెక్టర్ దొర వెంటనే రమ్మంటున్నాడు. దొర కూడా క్యాంపులోనే ఉన్నాడు. 30, 40 మైళ్ల దూరం. అప్పటికప్పుడు ఎడ్లు కట్టించి, రాత్రంతా ప్రయాణం చేసి మర్నాడు చేరుకున్నాడు.

దొర ముందు ‘సోజ్-ఎ-వతన్’ ఉంది.

గుండె గతుక్కుమంది. నవాబ్ రాయ్ ఎవరా అని రహస్య పోలీసులు వెతుకుతున్నారని అప్పటికే విన్నాడు. ఇది నువ్వే రాశావా అని దొర అడిగాడు. ధన్‌పత్ రాయ్ అబద్ధమాడలేదు. అవునన్నాడు. దొర ఒక్కో కథకూ అర్థం చెప్పించుకున్నాడు. వినే కొద్దీ ఆ ముఖం ఎర్రబడింది. ఈ కథల నిండా రాజద్రోహమే ఉందన్నాడు. ఇది ఇంగ్లీషు రాజ్యం కాబట్టి బతికావు, మొగలుల కాలమైతే రెండు చేతులూ నరికేవారన్నాడు. చివరికి తీర్పు: మిగిలిన ప్రతులన్నీ అప్పగించాలి. ఇకపై తనకు చూపించకుండా ఏదీ అచ్చుకివ్వకూడదు.

అచ్చయినవి 1000. అమ్ముడైనవి 300. మిగిలిన 700 ప్రతులు కాన్పూర్ నుంచి తెప్పించి అప్పగించాడు. చేతులు మిగిలాయి, ఉద్యోగం మిగిలింది. ఇల్లాలు, సవతి తల్లి, ఆమె పిల్లలు రోడ్డున పడకుండా మిగిలారు. పుస్తకం పోయింది.

ఆ ఆజ్ఞలో అసలు ముల్లు రెండోది. ఏడాదికి ఒక పుస్తకం రాసేవాడైతే దొరకు చూపించి ఊరుకునేవాడు. ఈయనకు రాయడం నిత్యకృత్యం. ప్రతి నెలా కాగితాల కట్ట పట్టుకుని దొర గుమ్మం ఎక్కితే, సర్కారు పని మానేసి కథలు రాసుకుంటున్నాడనే మరో నేరం మోపుతారు. ఈ బాధంతా నిగమ్‌కు ఉత్తరం రాశాడు. నవాబ్ రాయ్ ఇక చనిపోయినట్టేనని, అతని వారసుడిగా మరొకరు వస్తారని కబురు పెట్టాడు.

ఆ వారసుడికి పేరు వెతికింది నిగమే. ప్రేమ్‌చంద్. పేరు బాగుందన్నాడు ధన్‌పత్ రాయ్. ఐదారేళ్లు శ్రమపడి నలుగురిలో నిలబెట్టిన పాత పేరు వృథా అయిపోయిందే అని మాత్రం నొచ్చుకున్నాడు. ఆ నొప్పి ఎంతటిదో, అచ్చులో తన పేరు చూసుకున్న ప్రతి రచయితకూ తెలుస్తుంది.

పప్పులోకి నెయ్యి లేకపోతే

1910 డిసెంబరు ‘జమానా’లో కొత్త పేరుతో ‘బడే ఘర్ కీ బేటీ’ వచ్చింది. ఇందులో రత్నాలు లేవు, రక్తపు బొట్లు లేవు. ఒక ఉమ్మడి కుటుంబం. పప్పులోకి నెయ్యి లేదని మరిది వదినను మాటలంటాడు, పావుకోడు విసురుతాడు. అన్న వేరుపడతానంటాడు. తప్పు తెలిసిన మరిది ఇల్లు వదిలి పోబోతుంటే కలవారి ఆడపడుచైన ఆ వదినే చేయి పట్టుకుని ఆపుతుంది.

దొర వెతికే రాజద్రోహం ఇందులో వీసమెత్తు లేదు. ఉన్నది అంతకన్నా లోతైనది, మనిషి మనసు తిరిగే క్షణం. సరిగ్గా ఆ ఏడాదే, ఫిబ్రవరిలో, మన ‘ఆంధ్రభారతి’లో గురజాడ ‘దిద్దుబాటు’ అచ్చయింది. అక్కడా ఒక ఇల్లు, ఒక ఇల్లాలు, దారికొచ్చే ఒక మగవాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే రెండు భాషల్లో కథ ఒకే గడప తొక్కింది.

కథ ఎలా రాస్తారని తర్వాతి రోజుల్లో అడిగినవారికి ప్రేమ్‌చంద్ దాపరికం లేకుండా చెప్పారు. చూసిందో, అనుభవించిందో ఏదో ఒకటి ఆధారం ఉండాలి. చరిత్ర చదువుతుంటే కూడా ఇతివృత్తం దొరకవచ్చు. కానీ జరిగిన సంగతి ఒక్కటే కథ కాదు. అందులో మనసుకు సంబంధించిన సత్యం ఒకటి తగిలేదాకా ఆయన కలం కదలదు. అది దొరికాక పాత్రలు వస్తాయి. మొదటి నుంచి చివరిదాకా కథ మనసులో కుదిరాకే కాగితం ముందు కూర్చుంటారు.

బుందేల్‌ఖండ్ పల్లెల్లో బడులు తనిఖీ చేస్తూ విన్న వీరగాథలు ‘రాజా హర్‌దౌల్’, ‘రాణీ సారంధా’ అయ్యాయి. ఆ తిరుగుళ్లలోనే కడుపు జబ్బు పట్టుకుని జీవితాంతం వేధించింది. అయినా దాదాపు 300 కథలు. 1921లో గోరఖ్‌పూర్‌లో గాంధీజీ ప్రసంగం విన్నాక సర్కారు ఉద్యోగాన్నే వదిలేశారు. ఇక ఏ దొరకూ కాగితం చూపించే అవసరం లేకపోయింది. 1936 అక్టోబరు 8న కన్నుమూశారు. చివరి రోజుల్లో రాసిన ‘కఫన్’ను మృణాల్ సేన్ 1977లో మన భాషలోనే ‘ఒక ఊరి కథ’గా తీశారు.

తొలి నాటకాన్ని మేనమామ మాయం చేశాడు. తొలి కథల పుస్తకాన్ని దొర లాక్కున్నాడు. కష్టపడి నిలబెట్టుకున్న కలంపేరును ఒక ఆజ్ఞ మింగేసింది. అయినా వందల నవలలు చదివిన కళ్లను, రోజూ రాయడానికి కూర్చునే అలవాటును ఎవరూ జప్తు చేయలేకపోయారు. ప్రేమ్‌చంద్‌ను నిలబెట్టినవి ఆ రెండే.

ఈ రోజు మన ఊళ్లలో కథ రాయాలని తపిస్తున్న కుర్రవాళ్లకు, అమ్మాయిలకు చెప్పేదీ అదే. పంపిన కథ తిరిగొస్తుంది. పోటీలో పేరు రాదు. ఇంట్లో ఎవరో కోప్పడతారు. బాధపడండి, అది సహజం. కానీ చదవడం మానకండి, రేపటి వంతు రాయడం మానకండి. పోయిన కథను తిరిగి తెచ్చుకోలేం. దానికన్నా మంచి కథ రాయగలం.