షాజహానాబాదు: హవేలీ నుండి కట్రా వరకు

నగరచరిత్రమును రాజుల కోటలకంటె ప్రజల యిండ్లే స్పష్టముగా చెప్పును. పాతఢిల్లీ యిందులకు చక్కని నిదర్శనము. షాజహాను 1639లో ఎఱ్ఱకోటకు పునాది వేయించి, 1648లో నూతన రాజధానిని ప్రవేశించెను. కోటకు పడమట చాందినీచౌకు చుట్టును ప్రభువులు, వర్తకులు హవేలీలు కట్టుకొనిరి.

వీథినుండి చూచువారికి హవేలీ గుట్టు తెలియదు. ఎత్తైన ద్వారము దాటి మలుపు తిరిగినగాని లోపలి ముంగిలి కనబడదు. ఆకాశమునకు తెఱచియున్న ఆ ముంగిలి చుట్టును గదులుండును. మన మండువా లోగిలి నెఱిగినవారికి ఈ కట్టడము క్రొత్తగా తోచదు. పురుషులకు మర్దానా, స్త్రీలకు జనానా వేఱుగా నుండెడివి. పలుచని లఖోరీ యిటుకలతో, సున్నముతో లేపిన మందపు గోడలు ఎండవేడిమి నాపెడివి. గొప్ప యిండ్లలో వేసవికై నేలమాళిగలుండెను. ప్రభువుల ఆవరణములలోనే సేవకులును, చేతిపనివారును నివసించిరి.

మొగలుల ప్రాభవము తగ్గినకొలది పెద్ద హవేలీలు ముక్కలయ్యెను. 1857 తిరుగుబాటు పిమ్మట ఆంగ్లేయులు పురజనులను వెడలగొట్టి, కోట చుట్టుపట్ల యిండ్లను నేలమట్టము చేసిరి. పిదప రైలు వచ్చెను, వర్తకము పెరిగెను, ప్రభువుల స్థానమును వర్తకు లాక్రమించిరి. కట్రా నీల్ చెంతనున్న చున్నామల్ హవేలీ ఇందులకు సాక్షి. బేగం సమ్రూ భవనమో, భగీరథ్ ప్యాలెస్ అను పేర విద్యుత్పరికరముల అంగడియైనది.

1947 నాటి దేశవిభజన మఱియొక పెద్ద మలుపు. 1941లో సుమారు 9 లక్షలున్న ఢిల్లీ జనాభా 1951 నాటికి 17 లక్షలు దాటెను. వెళ్లిపోయినవారి యిండ్లలో కాందిశీకులు తలదాచుకొనిరి. ఒకే ద్వారము, నడుమ ముంగిలి, చుట్టును చిన్నగదులు గల కట్రాలు క్రిక్కిఱిసినవి. గదికొక కుటుంబము, కొళాయి, మరుగుదొడ్డి అందఱికి నుమ్మడి. 1956లో మురికివాడల చట్టమును, 1958లో అద్దె నియంత్రణ చట్టమును వచ్చినవి. రెండవది అద్దెదారుకు రక్షణ నిచ్చెను. కాని స్వల్పమైన అద్దెతో మరమ్మతు చేయించుటకు యజమానికి ఉత్సాహము లేకపోయెను. గిడ్డంగికి ఎక్కువ అద్దె వచ్చుటచే క్రిందిగదులు సరకులతో నిండినవి. కుటుంబములు పై అంతస్తులకో, దూరపు పేటలకో తరలినవి.

బల్లీమారాన్‌లో మహాకవి గాలిబ్ తుదిదినములు గడపిన యింట సైతము వ్యాపారము సాగెను. 20వ శతాబ్ది చివర ప్రభుత్వము దానిలో కొంతభాగమును స్మారకముగా తీర్చినది. ధరంపురాలో ఒక హవేలీ పునరుద్ధరింపబడి విడిదియైనది. ఇవి సంతోషకరములే. అయినను గోడలు మిగిలి, కాపురములు తొలగినచో ఆ పేట ప్రదర్శనశాల యగును. కప్పు బాగుచేయించి, నీటివసతి కల్పించి, ఉన్నవారిని ఉన్నచోటనే నిలుపుటయే నిజమైన చరిత్ర పరిరక్షణము.