ముందు కరెంటు, తర్వాత పెట్రోలు

బానెట్ ఎత్తు. రేకు కాలుతుంది, గుడ్డ అడ్డం పెట్టుకో. కమలాపురంలో వేసవి ఎండ పొద్దున తొమ్మిదికే ఇట్లుంటుంది. షెడ్డులో నల్లబండల నేల మీద పాత అంబాసిడర్ నిలబడి ఉంది. రేపు తెల్లారేసరికి ఇది కడప దాటి, గువ్వలచెరువు ఘాట్ ఎక్కి రాయచోటి చేరాలి. ఇప్పుడేమో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, రెండు దగ్గులు దగ్గి ఆగిపోతోంది.

కార్బరేటర్ పక్కన ఐడ్లింగ్ స్క్రూ కనబడుతూనే ఉంది. అర చుట్టు బిగిస్తే బండి ఆగకుండా నిలబడుతుంది. నీ చెయ్యి అటే పోతోంది.

"దాని జోలికి పోవద్దు నాయనా" అంటాడు మేస్త్రి. "ముందు కరెంటు సూడు. పెట్రోలు సంగతి తర్వాత."

ఆయన మాట విను. రవ్వ పడే టైమింగ్ వెనకబడిన ఇంజిన్‌ను స్క్రూ బిగించి నిలబెడితే ఊళ్లో తిరుగుతుంది. ఘాట్ మధ్యలో రేడియేటర్ ఉడికిపోయి, వెనక లారీలు హారన్ కొడుతుంటే అప్పుడు తెలుస్తుంది.

డిస్ట్రిబ్యూటర్ మూత తీయి. రోటర్ పైకి లాగు. పాయింట్లు చూశావా? నల్లగా మాడి ఉన్నాయి. ఒకదాని మీద గుంట, ఎదురుదాని మీద బుడిపె. సన్న ఉప్పుకాగితంతో రుద్ది, శుభ్రంగా తుడువు. బండి ముందున్న స్టార్టింగ్ హ్యాండిల్ మెల్లగా తిప్పించి, పాయింట్లు బాగా తెరుచుకున్న చోట ఆపించు. మధ్యలో ఫీలర్ గేజ్ రేకు దూర్చు. 15 థౌ, అంటే 0.38 మిల్లీమీటర్లు. రేకు జారిపోకూడదు, ఇరుక్కోకూడదు. లాగుతుంటే వేళ్లకు కాస్త పట్టు తెలియాలి. ఈ సందు మారితే టైమింగే మారిపోతుంది, అందుకే ఈ పని ముందు.

ఇప్పుడు ప్లగ్గులు నాలుగూ విప్పు. రేడియేటర్ వైపున్న మొదటి రంధ్రాన్ని బొటనవేలితో గట్టిగా మూసిపెట్టు. మేస్త్రి ముందు గొంతుక్కూచుని హ్యాండిల్ తిప్పుతున్నాడు. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. ఉన్నట్టుండి వేలి కింద గాలి పొంగి, బుస్సుమని వేలిని తోసేస్తుంది.

అదే నీక్కావలసింది. ఒకటో పిస్టన్ గాలిని నొక్కుకుంటూ పైకి వస్తోంది. ఇక చూపంతా కింద క్రాంక్ పుల్లీ మీద పెట్టు. పుల్లీ అంచున గాటు ఉంది, కవర్ మీద మొనలున్నాయి. గాటు పొడుగు మొనకు చేరితే పిస్టన్ పైకంటా వచ్చినట్టు. అంతదాకా పోనివ్వకు. దానికి 5 డిగ్రీల ముందున్న పొట్టి మొన దగ్గరే ఆపు.

పైకి రాకముందే రవ్వ ఎందుకంటావా? నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు ఒక చుట్టుకు పట్టేది సెకనులో యాభయ్యో వంతు. పెట్రోలు కాలడానికీ కాస్త వ్యవధి కావాలి. రవ్వ ముందే పడితేనే పిస్టన్ దిగడం మొదలుపెట్టే వేళకు మంట దాన్ని గట్టిగా తోస్తుంది.

చిన్న బల్బుకు రెండు తీగలు కట్టు. ఒకటి డిస్ట్రిబ్యూటర్ పక్క టెర్మినల్‌కు, ఒకటి బాడీకి. తాళం తిప్పు. ఎక్కువసేపు ఉంచితే కాయిల్ వేడెక్కుతుంది, తొందరగా కానీ. క్లాంప్ బోల్టు వదులు చెయ్యి. డిస్ట్రిబ్యూటర్‌ను ముందు రోటర్ తిరిగే దిక్కుకు జరుపు. బల్బు ఆరిపోయింది, పాయింట్లు మూసుకున్నాయి. ఇప్పుడు ఎదురు దిక్కుకు, వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ రా. ఇంకా కాస్త. వెలిగింది! అక్కడే ఉంచి బోల్టు బిగించు. మరీ బిగదియ్యకు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వారసత్వంగా వచ్చిన ఈ 1489 సీసీ ఇంజిన్ బండిని ఉత్తరపారా ఫ్యాక్టరీలో చెయ్యడం 2014లోనే ఆపేశారు. పగిలిన ముక్కకు మరో ముక్క వెతుక్కోవడం అంత తేలిక కాదు.

బల్బు తీగలు విప్పి, రోటర్, మూత తిరిగి పెట్టు. ప్లగ్గులు పెట్టు. వైర్లు 1-3-4-2 వరసలో తగిలించు. సెల్ఫ్ నొక్కు. టక్. బ్యాటరీ దిగిపోయింది.

మిగిలింది హ్యాండిలే.

గేరు న్యూట్రల్‌లో ఉందా? కదిపి చూడు. హ్యాండ్ బ్రేకు లాగు. బొటనవేలు హ్యాండిల్‌కు చుట్టొద్దు. మిగతా వేళ్ల పక్కనే పెట్టు. టైమింగ్ మరీ ముందుకు పోయుంటే మంట పిస్టన్‌ను వెనక్కి తన్నుతుంది. హ్యాండిల్ తిరగబడుతుంది. చుట్టిన వేలు విరుగుతుంది. మణికట్టూ విరుగుతుంది.

కింది నుంచి పైకి లాగు. తొక్కొద్దు. లాగు. ఒకసారి. పలకలేదు. మళ్లీ. అరచేతిలో చెమట. తుడుచుకో. మళ్లీ లాగు.

అందుకుంది!

పక్కకు జరుగు. కండువా తీసి అవతల పెట్టు, ఫ్యాన్ తిరుగుతోంది. షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరువు. మూసిన షెడ్డులో సైలెన్సర్ పొగలోని విషవాయువు మనిషిని నిద్రపుచ్చి చంపుతుంది, దానికి వాసన కూడా ఉండదు.

ఇంజిన్ బాగా వేడెక్కనివ్వు. చోక్ పూర్తిగా లోపలికి తోసెయ్. ఇప్పుడు తాకు స్క్రూలను. ముందుగా పెట్రోలు, గాలి పాళ్లు మార్చే మిక్చర్ స్క్రూ మెల్లగా లోపలికి తిప్పు. పెట్రోలు తగ్గి ఇంజిన్ తడబడుతోంది. వెనక్కి విప్పు. తేరుకుంది. ఇంకా విప్పితే మళ్లీ బరువెక్కి, సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన వస్తుంది. ఈ రెంటికీ నడుమ ఇంజిన్ అన్నిటికన్నా చురుగ్గా, నున్నగా తిరిగే చోటు ఒకటుంది. కళ్లు మూసుకునైనా సరే, దాన్ని చెవితో పట్టుకో. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది కాబట్టి స్క్రూ పాత లెక్కకన్నా కాస్త బయటికే కుదరొచ్చు. వేగం పెరిగిందిగా, ఐడ్లింగ్ స్క్రూ వదిలి దించు. దించాక మిక్చర్ మరోసారి చూడు. ఒకటి కదిపితే రెండోది కదులుతుంది. ఓపిక పట్టు.

బండి తియ్యి, కడప రోడ్డు ఎక్కు. టాప్ గేర్లో, తక్కువ వేగంలో ఒక్కసారి గట్టిగా తొక్కు. బానెట్ కింద సన్నగా గలగలమంటోందా? అయితే టైమింగ్ కాస్త ముందుకు పోయింది. పక్కకు ఆపు, బోల్టు వదిలి వెంట్రుకవాసి వెనక్కి జరుపు, బిగించు, మళ్లీ తొక్కు. గలగల లేదు. బండి లాగుతోంది.

"రాయచోటిలో దిగినాక ఒక ప్లగ్గు ఇప్పి సూడు" అంటాడు మేస్త్రి. "లేత మట్టి రంగుంటే ముట్టుకోవద్దు. తెల్లగుంటే మిక్చర్ పావు చుట్టు ఇప్పు. నల్లగుంటే పావు చుట్టు బిగించు."