కోఠి రెసిడెన్సీ

కోఠి రెసిడెన్సీ హైదరాబాదులో మూసీ నది ఉత్తరపు ఒడ్డున ఉన్న చారిత్రక భవనం. నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉండే రెసిడెంటు కోసం 1803-1806 మధ్య దీన్ని కట్టారు. ఇంగ్లండు పల్లెసీమల్లో అక్కడి ప్రభువర్గాలు కట్టుకున్న మేడల పోలికలో, చుట్టూ తోటలతో వెలసిన ఈ భవనానికి ఖర్చు పెట్టింది మాత్రం నిజాం ఖజానా. 1947 దాకా రెసిడెంట్ల నివాసంగా ఉండి, 1949లో మహిళా కళాశాలగా మారింది.

పేరు

ఉర్దూలో కోఠీ అంటే పెద్ద మేడ. రెసిడెంటు కోఠీ ఉన్న చోటు కాబట్టి ఆ పేటకే కోఠి అనే పేరు స్థిరపడింది. తెలుగులో ‘కోటి’ అని రాసే అలవాటు కూడా ఉంది గానీ, కోటి అనే సంఖ్యతో ఈ పేరుకు సంబంధం లేదు.

రాజకీయ నేపథ్యం

రెసిడెంటు అనే ఉద్యోగం పేరుకు రాయబారిది. కాలం గడిచిన కొద్దీ అది దర్బారు మీద పెత్తనంగా మారింది. 1798లో రెండో నిజాం అలీ ఖాన్‌తో కంపెనీ సైన్య సహకార సంధి చేసుకుని, ఆయన దగ్గరున్న ఫ్రెంచి అధికారుల దళాన్ని రద్దు చేయించింది. ఈ వ్యవహారం నడిపించిన రెసిడెంటు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్. 1764లో మద్రాసులో పుట్టిన ఆయన పారశీకం ధారాళంగా మాట్లాడేవాడు. ఇంట్లో మొగలాయి దుస్తులు వేసుకునేవాడు. నిజాం ఆయనకు హష్మత్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు.

1800 సంధితో కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలు సీమలో కొంత భాగాన్ని వదులుకున్నాడు. ఇవే దత్తమండలాలు, నేటి రాయలసీమకు పాత పేరు. మరుసటి ఏడు, 1801లో, ఆర్కాటు నవాబు చేతిలోని నెల్లూరు సీమ కూడా కంపెనీ పాలనలోకి వెళ్లింది. తెలుగు నేల ఇలా ఒక్కొక్క ముక్కగా చేతులు మారుతున్న రోజుల్లోనే మూసీ ఒడ్డున ఈ మేడకు పునాది పడింది.

నిర్మాణం

అంతకుముందు రెసిడెంట్లు ఇక్కడే పాత పారశీక పద్ధతి తోటలోని మండపాల్లో కాపురముండేవారు. కొత్త మేడకు కిర్క్‌పాట్రిక్ సుమారు 60 ఎకరాలు అడిగాడు. దీని మీద ఒక కథ ప్రచారంలో ఉంది. స్థలం పటాన్ని పెద్ద కాగితం మీద గీయించి చూపిస్తే, ఇంత పటమా, ఇది నా రాజ్యం పటమంత ఉందని నిజాం ఒప్పుకోలేదట. అదే స్థలాన్ని చిన్న అట్టముక్క మీద గీయించి తెస్తే వెంటనే సరేనన్నాడట.

నమూనా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. 16వ శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి ఆండ్రియా పల్లాడియో పద్ధతి 18వ శతాబ్దంలో ఇంగ్లండు ధనికులకు ఎంతో ఇష్టమైంది. ఎటు చూసినా సరిసమానంగా ఉండే గోడలు, గుడి ముఖమండపాన్ని తలపించే స్తంభాల వరుస దాని గుర్తులు. కలకత్తాలో గవర్నర్ జనరల్ భవనాన్ని డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్ హాల్ అనే మేడను చూసి కట్టారు. కోఠి రెసిడెన్సీదీ అదే ఒరవడి. దాదాపు అదే కాలంలో లేచిన అమెరికా అధ్యక్ష భవనంతో దీన్ని పోల్చడం పరిపాటి.

ఉత్తరపు ముఖద్వారం దగ్గర వెడల్పాటి మెట్ల వరుస, దాని మొదట్లో రెండు పెద్ద సింహాలు ఉంటాయి. పైన ఆరు కోరింథియన్ స్తంభాలు, వాటి నెత్తిన కంపెనీ రాజముద్ర ఉన్న త్రికోణపు కప్పు. పాలరాతిలా మెరిసే ఈ స్తంభాల పైపూత నున్నగా మెరుగుపెట్టిన సున్నపు గచ్చు. రూపం ఇంగ్లండుదైనా, ఆ మెరుపు ఇక్కడి మేస్త్రీల చేతి పనితనం. లోపల రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు, షాండ్లియర్లు, నిలువుటద్దాలు, గొప్ప మెట్లదారి ఉన్నాయి. నదివైపు గోడ అర్ధవృత్తాకారంలో ముందుకు వస్తుంది.

పని పూర్తి కాకముందే, 1805 అక్టోబరు 15న, కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. మిగిలిన పని ఆయన తరువాతి రెసిడెంటు థామస్ సిడెన్‌హామ్ హయాంలో ముగిసింది.

రంగమహల్, బొమ్మ మేడ

కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు దివాను మీర్ ఆలం బంధువుల అమ్మాయి ఖైరున్నీసాను ముస్లిం సంప్రదాయంలో పెళ్లి చేసుకున్నాడు. ఈ పెళ్లి మీద గవర్నర్ జనరల్ వెల్లస్లీ విచారణ జరిపించాడు. ఆమె కోసం ఆవరణలోనే మొగలాయి పద్ధతిలో తోటతో సహా రంగమహల్ అనే జనానా వెలిసింది. అంటే ఒకే ప్రహరీలో రెండు లోకాలు: ముందు ఇంగ్లండు మేడ, వెనక దక్కనీ అంతఃపురం.

పరదా పాటించే ఖైరున్నీసా ముందువైపుకు వచ్చి ఆ మేడను చూడగలిగేది కాదు. అందుకే దాని అచ్చమైన నమూనాను చిన్న పరిమాణంలో జనానా తోటలో కట్టించారని చెబుతారు. 19వ శతాబ్దం మధ్యలో రంగమహల్‌ను పడగొట్టారు. దొరలు ఇక్కడివాళ్లతో వియ్యమందడాన్ని తరువాతి తరం ఇంగ్లీషువాళ్లు తలవంపుగా భావించారు. బొమ్మ మేడ మాత్రం మిగిలింది.

కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ఇద్దరు పిల్లలను 1805లో ఇంగ్లండుకు పంపేశారు. ప్రయాణానికి ముందు చిత్రకారుడు జార్జి చిన్నరీ వాళ్ల బొమ్మ గీశాడు. తల్లి వాళ్లను మళ్లీ చూడలేదు, 1813లో కన్నుమూసింది. కూతురు కిట్టీ ఇంగ్లండులోనే స్థిరపడింది. రచయిత థామస్ కార్లైల్‌కు ఆమెతో పరిచయం ఉండేది. ఈ కుటుంబ కథను విలియం డాల్రింపుల్ 2002లో వచ్చిన ‘వైట్ మొగల్స్’లో సవివరంగా రాశాడు.

1857 దాడి

సిపాయిల తిరుగుబాటు రోజుల్లో, 1857 జులై 17న, తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో రోహిల్లా పఠాన్లు రెసిడెన్సీ మీద దాడి చేశారు. పుత్లీబౌలి వైపున్న రెండు ఇళ్లలో చేరి, రాత్రంతా కాల్పులు జరిపారు. రెసిడెన్సీ ఫిరంగుల ముందు నిలవలేక తెల్లవారేసరికి వెనుదిరిగారు. తరువాత తుర్రేబాజ్ ఖాన్‌ను కాల్చి చంపి, శవాన్ని ఊరికి కనిపించేలా వేలాడదీశారు. మౌల్వీని అండమానుకు పంపారు. ఆయన అక్కడే చనిపోయాడు. మళ్లీ దాడి జరుగుతుందన్న భయంతో ఆవరణకు గట్టి గోడలు లేచాయి. ఆ పోరాటానికి గుర్తుగా కోఠిలో స్మారక స్తంభం ఉంది.

రెసిడెన్సీ బజార్లు

గోడల బయట పెరిగిన అంగళ్లు నిజాం న్యాయపరిధిలోకి రాకుండా రెసిడెంటు అధికారంలో ఉండేవి. సాహుకార్లు, వర్తకులు అక్కడ చేరి వ్యాపారం పెంచారు. 1933లో ఈ బజార్లను తిరిగి నిజాంకు అప్పగించారు. నేటి సుల్తాన్ బజార్ అదే.

కళాశాల, పరిరక్షణ

1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఈ భవనంలోకి మారింది. దర్బారు హాలు సభలకూ పరీక్షలకూ ఉపయోగపడింది. తోటల స్థలంలో తరగతి గదులు లేచాయి. కోఠి విమెన్స్ కాలేజీ అంటే నగరంలో తెలియనివాళ్లు లేరు. 2022లో ఇది తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయమైంది. ఆ తరువాత దానికి తెలంగాణ సాయుధ పోరాట వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

నిర్వహణ లేక కప్పులు కారి, గచ్చు రాలిపోయిన ఈ మేడను వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి పనిచేసి ద్వారాలను, బొమ్మ మేడను, దశల వారీగా ప్రధాన భవనాన్ని బాగుచేయించింది. ఆవరణలో ఇంగ్లీషువాళ్ల చిన్న శ్మశానం కూడా మిగిలి ఉంది.

ఇల్లాలు ఖైరున్నీసా బొమ్మ మేడలో మాత్రమే చూసుకున్న ఆ ముందు మెట్లను ఏడు దశాబ్దాలకు పైగా ఎక్కుతూ దిగుతూ వచ్చింది తెలుగు, ఉర్దూ ఇళ్ల ఆడపిల్లలే.