పట్టికలో చోటు దొరకని గుండు

అమెరికాలో పిస్తోలు గురి సాధన చేసేవాళ్లలో చాలామంది తూటాలు దుకాణంలో కొనరు, ఇంట్లోనే కట్టుకుంటారు. కాల్చాక రాలిపడ్డ ఇత్తడి తొడుగుల్ని ఏరి తెచ్చి, అడుగున నిప్పు పుట్టించే పాత ప్రైమర్ ఊడదీసి కొత్తది బిగించి, తూచిన మందు పోసి, పైన గుండు కూర్చి నొక్కుతారు. రీలోడింగ్ అనే ఈ పనిలో పొరపాటుకు తావు తక్కువ. మందును గ్రెయిన్లలో తూస్తారు. పౌండుకు 7,000 గ్రెయిన్లు, అంటే ఒక్కో గ్రెయిన్ 65 మిల్లీగ్రాములకు కాస్త తక్కువ. చాలా పిస్తోలు తూటాలకు పట్టేది పది గ్రెయిన్ల లోపే కాబట్టి ఒక్క గ్రెయిన్ తేడా కూడా హద్దు దాటించవచ్చు. అందుకే ఏ గుండుకు ఏ మందు ఎంత పోయాలో చెప్పే అచ్చు పట్టిక, వాళ్లు లోడ్ డేటా అనేది, ఈ వ్యాపకానికి మూలాధారం. ఇప్పుడు సాధనకు బాగా వాడుకలోకి వచ్చిన గుండు, పలుచని పాలిమర్ పూత వేసిన సీసపు గుండు. దానికి మాత్రం ఆ పట్టికల్లో సొంత వరుస అరుదుగానే దొరుకుతుంది. కొత్త సరుకు కదా, పుస్తకాలు నెమ్మదిగా అందుకుంటాయిలే అని సాధారణంగా సర్దిచెబుతారు. ఈ వ్యాపకం చరిత్ర చూస్తే ఆ సమాధానం నిలవదు. నూట ముప్ఫై ఏళ్లకు పైగా పట్టికలు తయారుచేస్తున్నది తూటాలోని ఏదో ఒక భాగాన్ని అమ్ముకునేవాళ్లే, అదీ తాము అమ్మే భాగం కోసమే. పూత గుండుకు అలాంటి యజమాని లేడు. వరుస లేకపోవడానికి అసలు కారణం అదే.

మొదట్లో పట్టిక అవసరం పెద్దగా ఉండేది కాదు. నల్ల తుపాకిమందు రోజుల్లో తొడుగు నిండా మందు పోసి గుండు పెట్టేవారు. తొడుగు పరిమాణమే కొలత, అంతకు మించి పోద్దామన్నా చోటుండదు. 1884లో ఫ్రాన్సులో పాల్ వీయీ పొగలేని మందు తయారుచేశాక ఈ భద్రత పోయింది. కొత్త మందు శక్తి చాలా ఎక్కువ, తొడుగులో ఓ మూలకు సరిపోయేంతే చాలు. పాత అలవాటు కొద్దీ నిండా పోస్తే తుపాకి పేలిపోతుంది. అమెరికాలో లాఫ్లిన్ అండ్ రాండ్ కంపెనీ 1898లో తెచ్చిన బుల్స్‌ఐ అనే పిస్తోలు మందు చేతులు మారుతూ నేటికీ అదే పేరుతో అమ్ముడవుతోంది. సరిగ్గా ఈ మార్పు సమయానికి జాన్ బార్లో అందుబాటులో ఉన్నాడు. 1884లో కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో ఐడియల్ అనే కంపెనీ పెట్టి, తూటాలు కట్టే పనిముట్లు, సీసం పోసే అచ్చులు అమ్మేవాడు. ఆయన వెలువరించిన ఐడియల్ హ్యాండ్‌బుక్ ఒకే అట్టల మధ్య కేటలాగూ పాఠ్యపుస్తకమూ. అచ్చు కొన్నవాడికి అందులో పోసిన గుండుకు ఎంత మందో చెప్పకపోతే అచ్చు అమ్ముడుపోదు కాబట్టే ఆ పుస్తకం పుట్టింది. 1910లో మార్లిన్ సంస్థ చేతికి, 1925లో లైమన్ సంస్థ చేతికి కంపెనీ మారినా ఆ సంప్రదాయం సాగింది. పోత గుండ్లకు ఇప్పటికీ విస్తారమైన పట్టికలు ఇచ్చేది లైమన్ పుస్తకాలే. అచ్చులు అమ్మేదీ వాళ్లే.

మందు కొలత నమ్మదగ్గదా కాదా అన్నది తేల్చేది గొట్టంలో పుట్టే ఒత్తిడి. దాన్ని కొలిచే పద్ధతి 19వ శతాబ్దిలోనే బ్రిటన్‌లో ఆండ్రూ నోబుల్ చేతుల్లో రూపుదిద్దుకుంది. పరీక్ష గొట్టానికి పక్కన రంధ్రం చేసి అందులో చిన్న ముషలకం అమరుస్తారు, దాని మీద చిన్న రాగి స్తంభం నిలబెడతారు. కాల్చగానే వాయువు ముషలకాన్ని తోస్తే రాగి నలుగుతుంది. ఎంత పొట్టిదయిందో మైక్రోమీటరుతో కొలిచి, పట్టిక చూసి ఒత్తిడి రాసుకుంటారు. ప్రత్యేకమైన గొట్టం, కొలతలు సరిచూసిన రాగి ముక్కలు, ఓపికగల మనిషి కావాలి. కాబట్టి ఈ పరికరం మందు కంపెనీలకు, తూటాల ఫ్యాక్టరీలకు, ఆయుధాగారాలకు తప్ప మరొకరికి అందుబాటులో ఉండేది కాదు. అమెరికా ప్రభుత్వం కోరగా 1926లో ఏర్పడిన తయారీదార్ల సంస్థ సామీ ఒక్కో తూటాకు ఒత్తిడి హద్దు నిర్ణయించింది. ఇంట్లో కట్టుకునేవాడికి ఉన్నదల్లా కంటి అంచనా: ప్రైమర్ చదునైందా, తొడుగు అడుగు ఉబ్బిందా అని చూడడం. రైఫిల్ ఒత్తిళ్ల దగ్గర ఈ గుర్తులు కొంత పనికొస్తాయి. చదరపు అంగుళానికి 21,000 పౌండ్లే హద్దుగా ఉన్న .45 ఏసీపీ పిస్తోలు తూటాకు అవి కనిపించేసరికి హద్దు దాటి చాలా దూరం వెళ్లిపోయి ఉంటాం.

ఇక్కడో అభ్యంతరం రావచ్చు. సరుకు అమ్మని స్వతంత్ర రచయితలు లేరా? ఉన్నారు. ఫిలిప్ షార్ప్ 1937లో హ్యాండ్‌లోడింగ్ మీద ఒక మహా గ్రంథమే వెలువరించాడు. ఎల్మర్ కీత్ .44 స్పెషల్‌కు ఏళ్ల తరబడి బలమైన మందు వేసి చూసి, 1955లో వచ్చిన .44 మాగ్నమ్‌కు దారి వేశాడు. వాళ్ల పరిశ్రమను తక్కువ చేయనక్కర్లేదు. అయితే వాళ్ల ప్రయోగాలు దేనికి సరిపోయాయో చూడాలి. ఎంత దూరం పోవచ్చో చూపించాయి, అంతే. ఎక్కడ ఆగాలో ఒత్తిడి అంకెలతో చెప్పింది ఆ తూటాను సరుకుగా అమ్మడానికి పూనుకున్న ఫ్యాక్టరీలే. ధైర్యం ఎవరికైనా ఉండవచ్చు, కొలిచే గొట్టం మాత్రం అమ్మేవాడి దగ్గరే ఉంది. అమ్మేవాడు తన సరుకునే పొగుడుకుంటాడు కదా, అతని అంకెల్ని ఎలా నమ్మడం అన్న అనుమానమూ సహజమే. కానీ ఈ వ్యవహారంలో స్వార్థమే కాపలాదారు. తన పేరున్న మందుతో తుపాకి పేలితే కోర్టు మెట్లెక్కేది అతనే. ఆ భయం లేనివాడి అంకె కంటే ఉన్నవాడి అంకె నమ్మకమైనది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ ఆచారం ఇంకా గట్టిపడింది. కాన్సస్‌లో బ్రూస్ హాడ్జన్ ప్రభుత్వం వదిలించుకున్న 4895 అనే మందును పెద్ద మొత్తంలో కొని చిల్లరగా అమ్మడం మొదలుపెట్టాడు. ఐడహోలో వెర్నన్ స్పీర్, నెబ్రాస్కాలో జాయిస్ హార్నడీ రాగి కవచపు గుండ్లు తయారు చేశారు. సియెరా కంపెనీ కూడా ఆ కాలానిదే. వీళ్లందరూ మాన్యువళ్లు వేశారు, ఎవరి మాన్యువల్లో వాళ్ల సరుకే. స్విట్జర్లాండులో ఎడ్వర్డ్ రుబిన్ 1882లో రాగి కవచపు గుండు రూపొందించినప్పటి నుంచీ సైన్యాలన్నీ అటే మళ్లాయి. పౌరుల పిస్తోళ్లలో సీసం చాలాకాలం నిలిచినా, 1935లో .357 మాగ్నమ్ వచ్చాక దాని బలహీనత బయటపడింది. ఆ వేగానికి మెత్తని సీసం గొట్టం లోపల చారలకు అంటుకుని పేరుకుపోయేది. జనం కవచపు గుండ్లకు మళ్లారు, మాన్యువళ్లూ వాళ్ల వెంటే నడిచాయి. సీసానికి ఒకటి రెండు వరుసలు మిగిలాయి, అవీ తమ కంపెనీ అమ్మే మెత్తని సీసానికే. 1980లోనూ 2010లోనూ పోత గుండ్ల పుస్తకానికి కొత్త కూర్పులు వేసిన లైమన్ ఈ ధోరణికి ఎదురు కాదు. అమ్మే సరుకును బట్టే పట్టిక అన్న సూత్రానికి అది ఇంకో రుజువు.

కొలిచే పరికరం మారినప్పుడు పాత అంకెలూ మారాయి. క్యూరీ సోదరులు 1880లో గమనించిన పీజో విద్యుత్తు ఆధారంగా స్ఫటిక సెన్సర్లు వచ్చి, రాగి స్తంభాల చోటు క్రమంగా ఆక్రమించాయి. రాగి మొత్తం నలుగుడునే చూపేది, స్ఫటికం క్షణంలో వెయ్యోవంతులో వచ్చిపోయే శిఖరాన్ని కూడా పట్టుకుంటుంది. .357 మాగ్నమ్‌కు రాగి లెక్కలో హద్దు 45,000 యూనిట్లు, స్ఫటికం లెక్కలో 35,000 పౌండ్లు. 9 ఎంఎం లూగర్‌కు రాగి లెక్క 33,000 అయితే స్ఫటికం లెక్క 35,000. ఒకదానికి అంకె తగ్గింది, మరోదానికి పెరిగింది. అంటే ఒకదాన్నుంచి మరోదానికి మార్చుకునే సూత్రం ఏదీ లేదు. పాత పుస్తకాల కొలతలు కొత్త కూర్పుల్లో తగ్గితే, లాయర్లకు భయపడి తగ్గించారని గొణుక్కునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందులో కొంత నిజం ఉండవచ్చు. కానీ కొలిచే సాధనం మెరుగుపడ్డాక కూడా పాత అంకెకే అంటిపెట్టుకోవడం తెగువ కాదు, తెలియకపోవడమే. పైగా మందు తయారీ స్థలాలూ యాజమాన్యాలూ మారాయి. పాత పుస్తకం ఎంత ప్రసిద్ధమైనదైనా నేటి డబ్బాకు అది పూచీ పడదు.

ఈ నేపథ్యంలో పూత గుండు వచ్చింది. స్మిత్ అండ్ వెసన్, ఆ తర్వాత ఫెడరల్ అమ్మిన నైక్లాడ్ తూటాల్లో సీసానికి నైలాన్ పూత 1980ల నాటికే ఉంది. నాలుగు గోడల మధ్య కాల్చే రేంజిల్లో గాలిలో కలిసే సీసం అప్పటికే పెద్ద సమస్య. పనిచేసే చోట ఘనపు మీటరు గాలిలో సీసం సగటున 50 మైక్రోగ్రాములు దాటకూడదని అమెరికా కార్మిక భద్రతా విభాగం 1978లోనే నిబంధన పెట్టింది. ఆస్ట్రేలియాలో పుట్టిన హై-టెక్ పూతతో ఈ పద్ధతి చిన్న చిన్న పోతశాలలకు చేరింది. ఇంట్లో సీసం పోసుకునేవాళ్లు ఇనుప సామానుకు వేసే పౌడర్ రంగును గుండ్లకు పట్టించి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చడం నేర్చుకున్నారు. లోపలి లోహం పాతదే: సీసం, తగరం, యాంటిమొనీ. తెలుగు అచ్చుకూటాల్లో ఒకప్పుడు అక్షరాలు పోసింది కూడా ఈ మూడింటి కలయికతోనే. పూతతో పొగ తగ్గింది, గొట్టం శుభ్రంగా ఉంది, ధర కవచపు గుండు కంటే తక్కువ. మరి ఇంత గిరాకీ ఉన్నా పట్టిక ఎందుకు రాలేదు? గుండు పోసేవాడు చిన్న వ్యాపారి, అతని దగ్గర ఒత్తిడి కొలిచే గొట్టం లేదు. పూత అమ్మేవాడికి సంబంధం రంగుతోనే. మందు కంపెనీ దగ్గర ప్రయోగశాల ఉంది గానీ, పదుల సంఖ్యలో పోతశాలలు రకరకాల ఆకారాల్లో పోసే గుండ్లలో దేన్ని పరీక్షించాలి? ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమైంది.

కాబట్టి దగ్గరి వరుసను ఆశ్రయించక తప్పదు. ఏ వరుస? పూత కూడా కవచం లాంటిదే కదా, రాగి కవచపు లెక్క వాడవచ్చని కొందరి వాదన. అది నిలవదు. గొట్టంలోని చారలకు గుండు ఎంత ఎదురు నిలుస్తుందన్నది లోపలి సీసం మీద ఆధారపడుతుంది. వెంట్రుక మందం లేని పూత దాన్ని రాగిగా మార్చలేదు. మాన్యువళ్లలో అదే బరువున్న సీసపు గుండుకు గరిష్ఠ కొలత సాధారణంగా తక్కువే, కాబట్టి సీసపు వరుసతో, అందులోనూ కనిష్ఠ కొలతతో మొదలుపెట్టడమే సబబు. అయితే వరుసను బరువు చూసి ఎంచుకుంటే చాలదు. 9 ఎంఎం తొడుగులో గుండు ఎంత లోతుకు దిగిందన్నది ప్రాణాంతకమైన విషయం. స్పీర్ మాన్యువల్ చెప్పే పరీక్ష ఒకటుంది. 28,000 రాగి యూనిట్ల ఒత్తిడి పుట్టించే తూటాలో మందు మార్చకుండా గుండును అంగుళంలో 30 వెయ్యోవంతులు, అంటే ముప్పావు మిల్లీమీటరు, లోపలికి దింపితే ఒత్తిడి 62,000కు ఎగబాకింది. రెండు గుండ్ల బరువూ తూటా పొడవూ ఒకటే అయినా, ఒకదాని ముక్కు గుండ్రంగా, మరోదాని ముక్కు మొద్దుగా ఉంటే తొడుగులో మిగిలే చోటు వేరవుతుంది. పూత వ్యాసాన్ని కూడా కాస్త పెంచుతుంది. ఆకారం, పొడవు, లోహం, ప్రైమర్, పరీక్ష గొట్టం వివరాలు చెప్పని పట్టిక ఎవరు వేసినా సగం పట్టికే.

చివరి అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. లక్షల తూటాలు ఈ పూత గుండ్లతో, సీసపు లెక్కతోనే కట్టి కాల్చారు, ఏమీ కాలేదు కదా? నిజమే, దాన్ని కొట్టిపారేయలేం. అయితే ఆ అనుభవం రుజువు చేసేది సాధన తూటాలు హద్దుకు చాలా కింద ఉంటాయని, తుపాకుల్లో అదనపు బలం ఉందని. హద్దు ఎక్కడుందో అది చెప్పదు. క్రోనోగ్రాఫ్ పెట్టి వేగం చూసుకున్నా తెలిసేది వేగమే, ఒత్తిడి కాదు. కొలవకుండా నమ్మకం కుదరదనడానికి ఇంకో ఉదాహరణ: విన్‌చెస్టర్ 231, హాడ్జన్ హెచ్‌పీ-38 అన్నవి ఒకే మందుకు రెండు పేర్లు. అయినా పాత పుస్తకాల్లో వాటి గరిష్ఠ కొలతలు వేర్వేరుగా కనిపిస్తాయి. తేడా మందులో లేదు, పరీక్షించిన గొట్టాల్లో, రోజుల్లో ఉంది. ఒకే పదార్థానికే ఇంత వ్యత్యాసం వచ్చినప్పుడు, అసలు పరీక్షే జరగని గుండు గురించి పక్కవాడి అనుభవం ఎంత భరోసా ఇస్తుంది?

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం కాబట్టి ఈ చర్చ ఇక్కడి ఇళ్లది కాదు. అమెరికాలో రేంజికి వెళ్లే తెలుగువాళ్లకు మాత్రం నేరుగా సంబంధించినదే. వాళ్లు పుస్తకం పేరు కంటే ముందు అడగాల్సినవి మూడు: ఈ అంకెను ఒత్తిడి కొలిచి వేశారా, ఏ గుండు పెట్టి కొలిచారు, కొలిచినవాడు దేనికి పూచీ పడుతున్నాడు? మూడింటికీ జవాబున్న అంకె నమ్మదగ్గది. ఏ ఒక్కదానికి లేకపోయినా అది అంచనా, అంచనాకు తగ్గట్టే కనిష్ఠ కొలత దగ్గర మొదలుపెట్టాలి. ఫెడరల్ 2016 ప్రాంతంలో సిన్‌టెక్ పేరుతో పూత గుండు తూటాలను ఫ్యాక్టరీ సరుకుగా తెచ్చినప్పుడు వాటి ఒత్తిడిని తన ప్రయోగశాలలోనే కొలుచుకుంది. ఎందుకంటే అక్కడ గుండూ మందూ తూటా ఒకే చేతిలో ఉన్నాయి. పోతశాలల పూత గుండుకు నిండు వరుస ఎప్పుడు వస్తుందో చరిత్ర ఇదివరకే చెప్పింది: ఒత్తిడి గొట్టం ఉన్నవాడు దాన్ని తన పేరుతో అమ్మడం మొదలుపెట్టినప్పుడు.