వెదురు దడి వయసెంత?

పక్కింటివాళ్ళకి మనం కనపడకుండా ఏదైనా మొక్క కావాలని ఏ నర్సరీలో అడిగినా ఇప్పుడు ముందుగా చూపించేది వెదురునే. నల్ల పాలిథీన్ సంచుల్లో, నిలువెత్తున, వరసగా నిలబెట్టి ఉంటాయి. కొనేవాళ్ళు అడిగే ప్రశ్నలు కూడా దాదాపు ఒకటే. ఎంత ఎత్తు పెరుగుతుంది? ఎన్నాళ్ళకి దట్టమవుతుంది? పాములొస్తాయా? ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఈ మొక్క వయసెంత?

అడిగితే నర్సరీ అతను "ఆరు నెలలండీ" అంటాడు. సంచిలో పెట్టి ఆరు నెలలయింది కాబట్టి అతను అబద్ధమేమీ చెప్పడం లేదు. కానీ వెదురు విషయంలో ఆ లెక్క చెల్లదు. ఆ సంగతి 20వ శతాబ్దం చివర్లో యూరప్‌లో చాలామంది తోటలవాళ్ళకి, ఇష్టంగా పెంచుకున్న దడులు వాళ్ళ కళ్ళముందే ఎండిపోయాక గానీ తెలిసిరాలేదు.

చాటు కోసం వెదురుని వాడుకోవడం మనకి కొత్తేం కాదు. మేదరులు బద్దలు చీల్చి అల్లే తడిక ఉండనే ఉంది. కానీ తడిక అంటే చచ్చిన వెదురు. పాడైతే తీసేసి ఇంకొకటి కట్టుకుంటాం. బతికున్న వెదురునే తడికలా నిలబెట్టడం వేరే వ్యవహారం. దాని చరిత్ర వెతుక్కుంటూ పోతే, పెరటి తోటల కన్నా ముందు ఊరి చుట్టూ గోడలు ఎదురవుతాయి.

తైవాన్‌లో షిన్‌చు అని ఒక ఊరుంది. మన ఫోన్లలోకి చిప్‌లు చేసే టీఎస్‌ఎంసీ ప్రధాన కార్యాలయం ఉన్నది అక్కడే. ఆ పేరులో 'చు' అంటే వెదురు. 1733లో ఆ ఊరికి రక్షణ కావలసి వచ్చినప్పుడు, చింగ్ ప్రభుత్వపు స్థానిక అధికారి ఇటుకలు పేర్పించలేదు. ఊరి చుట్టూ ముళ్ల వెదురు నాటించి, నాలుగు ద్వారాలు పెట్టించాడు. అది ఆయన ఒక్కడి సొంత ఆలోచన కాదు. అప్పట్లో తైవాన్‌లో ఊళ్ళకి వెదురు కంచెలే కోటగోడలు.

డబ్బు కలిసొస్తుందనుకోవచ్చు, నిజమే. కానీ అసలు కారణం భయం. 1721లో జు ఇగుయ్ అనే బాతుల కాపరి తిరుగుబాటు లేవదీసి, చూస్తూండగానే ద్వీపంలో చాలా భాగాన్ని చేతిలోకి తీసుకున్నాడు. దాంతో బీజింగ్‌లో ఒక విచిత్రమైన వాదన బలపడింది. తైవాన్ ఊళ్ళకి రాతిగోడలు కట్టిస్తే, రేపు ఆ ఊరు తిరుగుబాటుదార్ల చేతికి చిక్కినప్పుడు మన గోడే మనకి అడ్డమవుతుంది కదా? వెదురైతే ఆ బెడద లేదు. దొంగల్ని ఆపుతుంది గానీ సైన్యాన్ని ఆపలేదు. అంటే ప్రభుత్వానికి కావలసింది మరీ గట్టి గోడ కాదు, అవసరమైతే తనే పడగొట్టగలిగిన గోడ. ప్రజల రక్షణ పేరుతో ప్రజల్నే అనుమానించడం ఇంత పచ్చగా ఇంకెక్కడా కనిపించదేమో!

ఆ వాదన దశాబ్దాల పాటు నిలిచింది. 1786లో లిన్ షువాంగ్‌వెన్ తిరుగుబాటు మొదలై, దాన్ని అణచడానికి ఏడాదికి పైగా పట్టాక బీజింగ్ మనసు మార్చుకుంది. షిన్‌చుకి 1829 నాటికి రాయీ ఇటుకా కలిపిన గోడ వచ్చింది. ఇప్పుడు అదీ లేదు. ఊరి నడిబొడ్డున ట్రాఫిక్ మధ్యలో తూర్పు ద్వారం ఒక్కటి మిగిలింది.

యూరప్‌కి వెదురు వెళ్ళింది ఇలాంటి అవసరాలతో కాదు, మోజుతో. చలికి తట్టుకునే రకాల్లో మొదటిది, నల్ల కాడల వెదురు, 1827లో ఇంగ్లండు చేరింది. 1856లో ఫ్రాన్స్ దక్షిణాన ఆందూజ్ దగ్గర యూజీన్ మాజెల్ అనే ఆయన ఏకంగా వెదురు వనమే మొదలుపెట్టాడు. ఆ పిచ్చిలో ఆస్తి కరిగిపోయింది గానీ వనం మాత్రం ఈరోజుకీ టూరిస్టులతో కళకళలాడుతోంది. జపాన్‌లో దౌత్య ఉద్యోగం చేసి వచ్చిన ఫ్రీమన్ మిట్‌ఫోర్డ్, ఇంగ్లండులోని బాట్స్‌ఫోర్డ్ ఎస్టేట్‌లో రకరకాల వెదుళ్ళు పెంచి, 1896లో 'ది బాంబూ గార్డెన్' అనే పుస్తకం రాశాడు. వీళ్ళెవరికీ పక్కింటి బెడద లేదు. ఎస్టేట్లున్నవాళ్ళకి పక్కిల్లు ఎక్కడుంటుంది?

పక్కిల్లు వచ్చింది తరువాత. ఎస్టేట్ల నుంచి వెదురు శివారు కాలనీల చిన్నచిన్న పెరళ్ళలోకి దిగింది, అక్కడ దాని పని మారిపోయింది. చూసి ఆనందించాల్సిన మొక్క కాస్తా, ఎవరూ మనల్ని చూడకుండా నిలబెట్టే మొక్క అయింది.

దానికి వెదురు అచ్చంగా సరిపోతుంది. ఎందుకో చెప్పాలి. వెదురు పిలక నేలలోంచి ఎంత లావుతో వస్తుందో జీవితమంతా అంతే లావు, ఆ తరువాత బలవదు. ఎత్తు కూడా ఒక్క సీజన్‌లోనే ఎదిగేస్తుంది. తల నరికితే ఆ బొంగు మళ్ళీ పైకి సాగదు, పక్క కొమ్మలు వేసుకుని గుబురవుతుంది. గోడ కావాలనుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

చిక్కంతా నేల కింద ఉంది. వెదురులో రెండు స్వభావాలున్నాయి. మన అడవుల్లో మామూలుగా కనపడేది పొదలా ఒకేచోట గుంపుకట్టేది. చైనా, జపాన్‌ల నుంచి పాశ్చాత్య దేశాలకి ఎక్కువగా వెళ్ళిన రకాల వేరుకాండం మాత్రం అడ్డంగా పరుగెడుతుంది. కంచె కింద నుంచి దూరి పక్కవాడి లాన్‌లో లేస్తుంది. పక్కవాడు కనపడకూడదని నాటిన మొక్క, పక్కవాణ్ణి నేరుగా మన గుమ్మంలోకే తీసుకొస్తుంది, చేతిలో లాయర్ నోటీసుతో. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం 2013లో దీనికోసం చట్టమే చేసింది. పరుగు వెదురుని పక్కవాళ్ళ హద్దుకి 40 అడుగుల లోపు నాటాలంటే కుండీలో గానీ, నేలలో అడ్డుగోడ దించి గానీ నాటాలి. అమ్మే దుకాణం ఆ సంగతి కొనేవాళ్ళకి ముందే రాతపూర్వకంగా చెప్పాలి.

ఇంగ్లండులో ఇంకో రకం తమాషా. ఎత్తైన దడుల మీద పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేసుకునేందుకు 2003 చట్టంలో వీలు కల్పించారు. కానీ అది రెండు మీటర్లు దాటిన సతతహరిత చెట్లకీ, పొదలకీ మాత్రమే. వెదురు గడ్డి జాతి కాబట్టి ఆ చట్టం కిందికి రాదు. శాస్త్రం ప్రకారం సరైన మాటే. అయితే అదే ఇంగ్లండు మన దేశంలో 1927 అటవీ చట్టం రాసినప్పుడు, వెదురుని 'చెట్టు' అనే మాట కిందికి తెచ్చింది. తన పెరట్లో గడ్డి, మన అడవిలో చెట్టు! ఆ ఒక్క మాటతో వెదురు నరకడం, తరలించడం అటవీ శాఖ అనుమతుల సంగతి అయిపోయింది. అడవి బయట పెరిగే వెదురుని ఆ నిర్వచనం నుంచి తప్పించడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది.

సరే, మన ప్రశ్నకొద్దాం. పరుగు వెదురుతో తగువులు పడలేనివాళ్ళకి తోటల ప్రపంచం చూపించిన మార్గం మ్యూరియల్ వెదురు. పొదలా ఉంటుంది, పరుగెత్తదు, గడ్డకట్టే చలికి తట్టుకుంటుంది, మూడు నాలుగు మీటర్ల ఎత్తులో గొడుగులా వంగుతుంది. ఎవరికీ ఇబ్బంది లేని వెదురు.

దాన్ని తెచ్చినవాడు ఎర్నెస్ట్ విల్సన్. చైనా కొండల్లో ఏళ్ళ తరబడి తిరిగి పాశ్చాత్య తోటలకి వందల మొక్కలు మోసుకొచ్చినవాడు. 1907లో హుబేలో ఈ వెదురుని సేకరించి అమెరికాలోని ఆర్నాల్డ్ ఆర్బొరేటమ్‌కి పంపాడు. అక్కడ నుంచి ఒక పాయ 1913లో లండన్ క్యూ గార్డెన్స్‌కి వెళ్ళింది. క్యూ నుంచి యూరప్ నర్సరీలకి. నర్సరీలో వెదురు మొక్కల్ని తయారుచేయడం అంటే గింజ వేయడం కాదు. దుంపని పిలకతో సహా చీల్చి ఇంకో కుండీలో పెట్టడం. చీల్చిన దాన్నే మళ్ళీ చీల్చడం. అలా 60 ఏళ్ళకి పైగా ఇళ్ళ ముందు, పార్కుల్లో, డాబాల చుట్టూ పెరిగిన ఆ వెదుళ్ళన్నీ మూలానికి వెళ్తే ఒకే మొక్క. చూడ్డానికి ఎన్నో దడులు, నిజానికి ఒకటే వెదురు.

1920లో దానికి శాస్త్రీయ నామం పెట్టేటప్పుడు విల్సన్ కూతురు మ్యూరియల్ పేరే పెట్టారు. ఆ మొక్క దొరికేనాటికి ఆ పాపకి ఏడాది దాటిందేమో, అంతే. పేరు పెట్టిన శాస్త్రవేత్త మాత్రం మనకి దూరపువాడు కాదు. జేమ్స్ సైక్స్ గ్యాంబుల్. మద్రాసు ప్రెసిడెన్సీ అడవుల్లో అధికారిగా పనిచేసినవాడు. మన ఉత్తర సర్కారు, రాయలసీమ జిల్లాల మొక్కలు కూడా చేరిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరాని మొదలుపెట్టినవాడు. భారతదేశపు వెదుళ్ళ మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1896లో వచ్చింది, సరిగ్గా మిట్‌ఫోర్డ్ పుస్తకం వచ్చిన సంవత్సరమే. ఒకాయన వెదురుని అడవి సంపదగా చూశాడు, ఇంకొకాయన తోట అందంగా చూశాడు. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చదివితే సామ్రాజ్యం మొత్తం కనపడుతుంది.

1975లో డెన్మార్క్‌లో ఒక మ్యూరియల్ వెదురు పూసింది. తరువాత ఇంకోచోట, ఇంకోచోట. 1990లు వచ్చేసరికి దాదాపు అన్ని దేశాల్లోనూ పూసేసింది. వెదురు పూయడం అంటే గులాబీ పూసినట్టు కాదు. ఉన్న శక్తంతా గింజకి పోసి చచ్చిపోతుంది. పచ్చటి దడులు గడ్డివాము రంగుకి తిరిగాయి. నీళ్ళు పోసినా, ఎరువు వేసినా, మందు కొట్టినా ఆగలేదు. ఎందుకంటే అది జబ్బు కాదు, వయసు.

పిలకని చీల్చి నాటితే కొత్త మొక్క పుట్టదు, పాత మొక్కే ఇంకోచోట బతుకుతుంది. దాని లోపలి గడియారం గింజ మొలిచిన రోజు నుంచి నడుస్తూనే ఉంటుంది. సంచీ మార్చినంత మాత్రాన ఆ గడియారం సున్నాకి రాదు. నిన్న కొని తెచ్చుకున్న కుండీలోదీ, 30 ఏళ్ళ క్రితం నాటిన పొదా ఒకే విడతలో పోవడానికి కారణం అదే. జపాన్ పెద్ద వెదురు మడాకే 1960ల్లో ఇలాగే పూసింది. అక్కడి నుంచి ఎప్పుడో సముద్రం దాటిన దాని పాయలు కూడా పరాయి దేశాల్లో అదే కాలంలో పూశాయి.

వెదురు పూస్తే కరువొస్తుందని మన పెద్దలు అనేది మూఢనమ్మకమని కొట్టేసేవాళ్ళు మిజోరం వైపు చూడాలి. అక్కడి వెదురు సుమారు 48 ఏళ్ళకోసారి పూస్తుంది. రాలిన గింజలు తిని ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి. గింజలైపోయాక పొలాల మీద పడతాయి. 1959 పూత తరువాత వచ్చిన కరువులో సాయం కోసం పుట్టిన సంఘమే మిజో నేషనల్ ఫ్రంట్‌గా మారింది. 1966లో ఆయుధం పట్టింది, 1986లో ఒప్పందం చేసుకుంది. తోటల్లో పూసిన వెదురు అంత పని చేయలేదు, దడి పోయి ఎదురింటివాళ్ళు కనపడ్డారు, అంతే.

పోతూ పోతూ మ్యూరియల్ వెదురు గింజలు మాత్రం బాగా ఇచ్చింది. ఆ మొలకల నుంచి ఏరి పెంచినవే ఇప్పుడు సింబా, జంబో లాంటి పేర్లతో యూరప్‌లో అమ్ముతున్న కొత్త రకాలు. వాటి గడియారం మాత్రం నిజంగా సున్నా నుంచి మొదలైంది.

మన నర్సరీల సంగతికొస్తే, పసుపు కాడల మీద ఆకుపచ్చ గీతలతో ఉండే 'గోల్డెన్ బాంబూ'కి గిరాకీ బాగా ఉంది. అమెరికాలో అదే పేరుతో పిలిచేది వేరే మొక్క, పరుగెత్తే రకం. ఇంటర్నెట్‌లో అక్కడివాళ్ళ గోడు చదివి ఇక్కడి మొక్కకి భయపడక్కర్లేదు, మనది పొద కట్టేదే. (లక్కీ బాంబూ అసలు వెదురే కాదు, ఆ గొడవ మనకొద్దు.) అయితే ఈ పసుపు వెదురు పూయడం చాలా అరుదు, పూసినా గింజ కట్టదు. తరతరాలుగా కణుపులు కోసి నాటి పెంచుతున్నదే. కాబట్టి దాని వయసు చెప్పగలిగినవాళ్ళు లేరు.

వయసు తెలిసిన దడే కావాలంటే గింజతో పెంచిన ముళ్ల వెదురో, లాఠీలకి వాడే గట్టి వెదురో అడగాలి. పూత వచ్చిన ఏడాది అడవిలో గింజలు ఏరి మొలిపించిన మొక్కలు అప్పుడప్పుడూ దొరుకుతాయి. ముళ్ల వెదురుకైతే పాతిక అడుగుల స్థలమైనా ఉండాలి, బాల్కనీకి పనికిరాదు. గింజ ఏ ఏడాదిదో అడిగి, ఆ సంవత్సరం కుండీ మీద పెయింటుతో రాసుకోండి.