పసుపుపచ్చ దీపం పుట్టుపూర్వోత్తరాలు



చాలా రోజుల తరువాత రాస్తున్న టపా ఇది. తెలుగు పండితుడికి ఇంజినుతో పనేమిటని నవ్వుకోకండి. స్టీరింగు వెనుక ఇంజిను బొమ్మ ఆకారంలో వెలిగే పసుపుపచ్చ దీపం ఒకటి మీ అందరికీ తెలిసే ఉంటుంది. దాని భాష తెలియక నేనొక తప్పు చేశాను. ఆ తరువాత దాని చరిత్ర వెదికాను. చేయవలసిన క్రమం అది కాదని నాకూ తెలుసు.

మా ఇంటావిడను ఆయాసానికి చూపించడానికి తెనాలి నుంచి విజయవాడ తీసుకువెళ్తుండగా, దుగ్గిరాల దాటిన తరువాత ఆ దీపం వెలిగింది. 2014లో కొన్న పెట్రోలు బండి. నడకలో ఏ తేడా లేదు. సాయంత్రం తిరిగివచ్చి మెకానిక్కు చూపించాను. "బండి బాగానే ఉంది కదండీ మాస్టారూ, లైటు తీసేస్తాను" అన్నాడు. ఏదో పరికరం తగిలించి, మీట నొక్కాడు. దీపం ఆరింది. నాకు మనసు కుదుటపడింది.

ఇక దీని పుట్టుక. 1943 జూలైలో లాస్ ఏంజెలెస్ నగరాన్ని దట్టమైన పొగ కమ్మింది. కళ్లు మండాయి, గొంతులు పట్టేశాయి. యుద్ధకాలం కనుక జపాను వారు విషవాయువు వదిలారేమోనని జనం భయపడ్డారు. ఆంగ్లంలో ఈ పొగను 'స్మాగ్' అంటారు. మనకు 'పొగమంచు' అనే మాట ఎప్పటి నుంచో ఉన్నది, కాని అది పొగ వంటి మంచు. వారిది పొగయును మంచును. సమాసం మారితే అర్థం ఎంత మారిపోతుందో చూడండి!

ఈ పొగ గుట్టు విప్పినవాడు ఏరీ హాగెన్-స్మిట్. హాలండులో పుట్టి, కాలిఫోర్నియాలో అనాసపండు వాసన మీద పరిశోధన చేస్తున్న రసాయన శాస్త్రవేత్త. కార్ల నుంచి, చమురు శుద్ధి కర్మాగారాల నుంచి వెలువడే వాయువులు ఎండ తగిలి ఓజోనుగా మారుతున్నాయని 1950 ప్రాంతంలో ఆయన నిరూపించాడు. అంటే శత్రువు ఎక్కడి నుంచో రాలేదు, ఎవరింటి ముందు నిలిపిన బండిలో వారికే ఉన్నాడు. 1967లో కాలిఫోర్నియా వాయువనరుల మండలిని ఏర్పరచినప్పుడు దానికి తొలి అధ్యక్షుడు ఆయనే.

1970లో అమెరికా కఠినమైన వాయుశుద్ధి చట్టం చేసింది. 1975 నమూనా కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. తేనెపట్టు వంటి పింగాణీ గూళ్లకు ప్లాటినం వంటి లోహాలు పూసి, వాటి గుండా పొగను పంపి శుద్ధి చేసే పరికరమది. చిక్కేమిటంటే, అది చెడినా బండి హాయిగా నడుస్తుంది, నడిపేవాడికి తెలియదు. తెలియజెప్పడానికే, 1988 నమూనాల నుంచి కార్లు తమ లోపాలను తామే గమనించుకొని దీపం వెలిగించాలని కాలిఫోర్నియా నియమం పెట్టింది. 1996 నుంచి అమెరికా అంతటా కార్లన్నిటికీ ఒకే పద్ధతి, ఒకే రకపు సంకేతాలు వచ్చాయి. పొగలోని కాలుష్యం అనుమతించిన దానికి సుమారు ఒకటిన్నర రెట్లు దాటించే లోపం ఏర్పడితే దీపం వెలగాలి. దాని రంగు మాత్రం ఎరుపు కాకూడదు. ఎరుపంటే వెంటనే ఆగమని కదా!

మన దేశంలో 1995లో నాలుగు మహానగరాలలో సీసం లేని పెట్రోలుతో పాటు కన్వర్టర్లు వచ్చాయి. 2010లో భారత్ స్టేజ్-4తో ఈ స్వయంపరీక్ష మొదలై, 2013 ఏప్రిల్ నుంచి మరింత కట్టుదిట్టమైంది. నా బండి ఆ తరువాతిదే.

ఇప్పుడు నా తప్పు. దీపం ఆర్పిన రెండు వారాలకు అది మళ్లీ వెలిగింది, ఈసారి మిణుకుమిణుకుమంటూ. బండి కుదుపులతో నడిచింది. "వెలుగుతూ ఆరుతున్నదంటే తగ్గుతున్నదేమో" అనుకొని, ముప్పై కిలోమీటర్లు అలాగే నడిపాను! నిజానికి అది దీపం వేసే కేక. ఒక సిలిండరులో నిప్పురవ్వ పడక, కాలని పెట్రోలు కన్వర్టరులోకి పోయి అక్కడ మండుతున్నది. ఆ వేడికి తేనెపట్టు కరిగింది. మొదటే చూసి ఉంటే ఒక ఇగ్నిషన్ కాయిల్‌తో పోయేది. నా ఒక నెల పింఛనుకు పైగా ఖర్చయింది.

కనుక దీపం నిలకడగా వెలిగి, నడకలో తేడా లేకపోతే కంగారు పడనక్కరలేదు. నెమ్మదిగా నడుపుకొని రెండు మూడు రోజులలో చూపించండి. మిణుకుమంటే వేగం తగ్గించి, వీలైన చోట ఆపి, మెకానిక్కును పిలవండి. నూనె దీపమో, వేడి దీపమో ఎర్రగా వెలిగితే అక్కడికక్కడే ఇంజిను ఆపాలి. అమెరికాలో ఉన్న మిత్రులు ముందు పెట్రోలు ట్యాంకు మూత చూసుకోండి. అక్కడి బండ్లు ఆవిరి కారడాన్ని కూడా పట్టుకుంటాయి. అన్నిటికంటె ముఖ్యం, సంకేతం రాసుకోకుండా దీపం ఆర్పనివ్వకండి. లోపం వచ్చిన క్షణంలో వేగమెంత, వేడి ఎంత అన్న వివరాలు కూడా దానితో పాటే చెరిగిపోతాయి.

నన్ను బాధిస్తున్నది పింఛను డబ్బు కాదు. ఊపిరాడని మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని, ఊరి గాలి కోసం వెలిగిన దీపాన్ని చూసి, ఇంజినుకు ఏమైందోనని మాత్రమే ఆలోచించాను.

కొత్త మెకానిక్ చదివి చెప్పిన సంకేతం పి0302, అంటే రెండవ సిలిండరు. నా పాత హాజరుపట్టీ చివరి పుటలో తేదీ వేసి రాసుకున్నాను.