ఇంటర్నెట్ రేడియో సెట్టు: చరిత్ర, పనితీరు, ఇంట్లో అమరిక

ఇంటర్నెట్ రేడియో సెట్టు అంటే కంప్యూటర్‌తో పని లేకుండా, ఇంటి వైఫై ద్వారా గానీ కేబుల్ ద్వారా గానీ ఇంటర్నెట్‌లోకి వెళ్లి, వివిధ దేశాల రేడియో కేంద్రాల ప్రసారాలను వినిపించే పరికరం. చూడటానికి మామూలు రేడియోలాగే ఉంటుంది. స్పీకరు, నాబ్, నాలుగైదు మీటలు, ఒక చిన్న తెర ఉంటాయి. అయితే మామూలు రేడియో గాలిలోని తరంగాలలోంచి స్టేషన్‌ను తనంతట తానే పట్టుకుంటుంది. ఈ సెట్టు అలా కాదు. ఏ స్టేషన్ ఏ చిరునామాలో దొరుకుతుందో ఎక్కడో ఉన్న ఒక కంపెనీ సర్వర్‌ను ముందుగా అడిగి తెలుసుకోవాలి. ఆ సర్వర్ ఆగిపోతే, ఏ భాగమూ చెడిపోకపోయినా సెట్టు మూగబోతుంది. గత పాతికేళ్లలో ఈ పరికరానికి వచ్చిన కష్టాలలో ఎక్కువ భాగానికి మూలం ఇదే.

తొలి ప్రసారాలు

1993లో అమెరికాకు చెందిన కార్ల్ మలముడ్ ‘ఇంటర్నెట్ టాక్ రేడియో’ పేరుతో వారం వారం కంప్యూటర్ నిపుణుల ముఖాముఖీలు వెలువరించాడు. అవి ఎక్కువమందికి చేరింది ఫైళ్లుగానే. టెలిఫోన్ నాణ్యతతో రికార్డు చేసిన అరగంట కార్యక్రమం దాదాపు 15 మెగాబైట్లు ఉండేది. సెకనుకు 14.4 కిలోబిట్ల మోడెమ్‌తో దాన్ని దించుకోవడానికి రెండు గంటలకు పైగా పట్టేది. అంటే, వినే సమయం కంటే దించుకునే సమయం నాలుగు రెట్లు.

1994 నవంబర్ 7న నార్త్ కరోలినా రాష్ట్రం చాపెల్ హిల్‌లోని విద్యార్థుల ఎఫ్ఎం కేంద్రం డబ్ల్యూఎక్స్‌వైసీ తన ప్రసారాన్ని ఇంటర్నెట్‌లోకి పంపింది. ఇందుకు కార్నెల్ విశ్వవిద్యాలయంలో వీడియో సంభాషణల కోసం తయారైన ‘సీయూ-సీమీ’ అనే సాఫ్ట్‌వేర్‌ను వాడుకుంది. అట్లాంటాలోని జార్జియా టెక్ విద్యార్థుల కేంద్రం డబ్ల్యూఆర్ఈకే కూడా అదే కాలంలో సొంత సాఫ్ట్‌వేర్‌తో ఈ పని చేసింది. అందువల్ల ‘మొదటిది ఎవరిది’ అన్న మాట వచ్చినప్పుడు ఈ రెండు పేర్లూ వినిపిస్తాయి.

1995 ఏప్రిల్‌లో సియాటిల్‌లోని ప్రోగ్రెసివ్ నెట్‌వర్క్స్ ‘రియల్ ఆడియో’ను విడుదల చేసింది. ఫైలు మొత్తం దిగేదాకా ఆగకుండా, దిగుతూ ఉండగానే వినగలిగే సౌకర్యం సామాన్యుడి మోడెమ్‌కు అందింది దీనితోనే. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఒక బేస్‌బాల్ ఆట వ్యాఖ్యానాన్ని ప్రత్యక్షంగా ప్రసారం చేసి తన సత్తా చూపింది.

ఆ దశాబ్దం చివరికి ఎంపీ3 పద్ధతి, దాని మీద నడిచే రెండు ఉచిత సాధనాలు రంగాన్ని మార్చేశాయి. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో రూపుదిద్దుకున్న ఎంపీ3 పద్ధతి ధ్వనిని పదోవంతుకు కుదించగలిగింది. కంప్యూటర్‌లో పాటలు వినిపించే విన్‌యాంప్‌ను తయారుచేసిన నల్‌సాఫ్ట్ సంస్థ, ఎంపీ3 ధారను (స్ట్రీమ్‌ను) నేరుగా శ్రోతలకు పంపే ‘షౌట్‌కాస్ట్’ను తెచ్చింది. దానికి తోడుగా ‘ఐస్‌కాస్ట్’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వచ్చింది. టవరూ లైసెన్సూ లేకుండా, ఒక కంప్యూటరూ కనెక్షనూ ఉన్న ఎవరైనా స్టేషన్ పెట్టుకోగలిగారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో సోమా ఎఫ్ఎం, కాలిఫోర్నియాలోని పారడైజ్ ఊరి నుంచి రేడియో పారడైజ్ 2000లో అలా మొదలై నేటికీ నడుస్తున్నాయి.

కంప్యూటర్ నుంచి బల్ల మీదికి

స్టేషన్లు వేలల్లో పుట్టాయి గానీ, వాటిని వినాలంటే కంప్యూటర్ ముందు కూర్చోవాల్సిందే. వంటింట్లో, పడకగదిలో వినిపించే సెట్టు కావాలన్న ఆలోచన కాలిఫోర్నియాలోని కెర్‌బాంగో కంపెనీది. పాతకాలపు రేడియో ఆకారంలో, లోపల లినక్స్‌తో పనిచేసే సెట్టును అది ప్రకటించింది. అనుకున్న ధర దాదాపు 300 డాలర్లు. 2000లో త్రీకామ్ సంస్థ ఆ కంపెనీని దాదాపు 8 కోట్ల డాలర్లకు కొన్నది. మరుసటి ఏడాది మార్చిలో, డాట్‌కామ్ పతనం వేళ, ఆ విభాగాన్నే మూసేసింది. కెర్‌బాంగో సెట్టు అంగళ్లకు చేరనేలేదు.

నిలదొక్కుకున్న తొలి పరికరాలు ‘స్లిమ్ డివైసెస్’ అనే చిన్న సంస్థవి. 2001లో వచ్చిన ‘స్లింపీ3’ని కేబుల్‌తో కలపాల్సి ఉండేది. 2003లో వచ్చిన ‘స్క్వీజ్‌బాక్స్’ వైఫైతో నడిచింది. ఇంట్లోని కంప్యూటర్‌లో ఉచిత సర్వర్ సాఫ్ట్‌వేర్ నడుస్తూ పాటలనూ స్టేషన్లనూ దానికి అందించేది. 2006లో ఈ సంస్థను లాజిటెక్ కొన్నది. 2009లో స్పీకరు లోపలే ఉన్న ‘స్క్వీజ్‌బాక్స్ రేడియో’ వచ్చింది. 2012లో లాజిటెక్ ఈ వరుసను నిలిపివేసింది.

బ్రిటన్‌లో దారి వేరు. అక్కడ కేంబ్రిడ్జ్‌లోని రెసీవా, లండన్‌లోని ఫ్రాంటియర్ సిలికాన్ వంటి సంస్థలు రేడియోలు అమ్మేవి కావు. రేడియోలోకి కావలసిన మాడ్యూల్‌ను, దానితోపాటు స్టేషన్ల జాబితాను తయారీదారులకు సరఫరా చేసేవి. రాబర్ట్స్, సాంజీన్, గ్రేస్ డిజిటల్ వంటి పేర్లతో వచ్చిన సెట్లలో చాలావాటి లోపలి సరుకు ఇలాంటి ఒకటి రెండు సంస్థలదే. కొనేవారికి పెట్టె మీది పేరు కనిపించేది. సెట్టు ఆయుష్షు మాత్రం పెట్టె మీద కనపడని ఆ పేరు చేతిలో ఉండేది.

జాబితాలు ఆగినప్పుడు

రేడియో కేంద్రాలు తమ ధారల చిరునామాలను తరచూ మారుస్తాయి. వాటిని ఎప్పటికప్పుడు సరిచూసి జాబితాగా పెట్టడం ఖర్చుతో కూడిన పని. సెట్టు అమ్మినప్పుడు ఒక్కసారి వచ్చిన డబ్బుతో ఆ జాబితాను ఏళ్ల తరబడి నడపాలి. ఈ లెక్క చాలాచోట్ల కుదరలేదు.

2019లో ఫ్రాంటియర్ మాడ్యూళ్లున్న సెట్ల జాబితా ‘వీట్యూనర్’ అనే సేవ నుంచి ‘ఎయిరబుల్’ అనే సేవకు మారింది. అప్పటిదాకా భద్రపరచుకున్న స్టేషన్లను చాలామంది మళ్లీ వెతికి పెట్టుకోవలసి వచ్చింది. రెసీవా 2021లో తన సేవను పూర్తిగా ఆపేసింది. దాని మీద ఆధారపడ్డ సెట్లలో ఇంటర్నెట్ రేడియో ఒక్కసారిగా నిలిచిపోయింది. స్క్వీజ్‌బాక్స్‌ల కోసం లాజిటెక్ నడిపిన ఆన్‌లైన్ సేవ 2024లో మూతపడింది. అయితే ఆ పరికరాలు మూలనపడలేదు. వాటి సర్వర్ సాఫ్ట్‌వేర్ మొదటి నుంచీ అందరికీ తెరిచి ఉండటంతో వాడుకరులే దాన్ని ‘లిరియన్’ పేరుతో ముందుకు నడుపుతున్నారు. ఒకే రకమైన దెబ్బకు రెసీవా సెట్లు మూగబోయాయి, స్క్వీజ్‌బాక్స్‌లు బతికాయి. తేడా తెచ్చింది తెరిచి ఉన్న సాఫ్ట్‌వేరే.

జాబితా బాగానే ఉన్నా ప్రసారకర్త పద్ధతి మార్చినప్పుడు కూడా పాత సెట్లు నష్టపోతాయి. బీబీసీ 2015లో విండోస్ మీడియా ధారలను, 2023లో షౌట్‌కాస్ట్ ధారలను ఆపినప్పుడు కొత్త పద్ధతులు తెలియని సెట్లలో ఆ కేంద్రాలు పలకలేదు.

రాయల్టీల భారం

టవరు నుంచి వెళ్లే ప్రసారానికి పది మంది విన్నా పది లక్షల మంది విన్నా విద్యుత్ ఖర్చు ఒక్కటే. ఇంటర్నెట్‌లో అలా కాదు. ఒక్కో శ్రోతకు ఒక్కో ధార విడిగా పంపాలి. సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున వెయ్యి మందికి పంపాలంటే 128 మెగాబిట్ల సామర్థ్యం కావాలి.

పాటల హక్కుల రుసుము కూడా ఇదే లెక్కన వచ్చింది. 2002లో అమెరికా ప్రభుత్వం ఒక్కో పాటకు, ఒక్కో శ్రోతకు 0.07 సెంట్లుగా నిర్ణయించింది. గంటకు 15 పాటలు, వెయ్యి మంది శ్రోతలు అనుకుంటే గంటకు పదిన్నర డాలర్లు. చిన్న స్టేషన్లు మొర పెట్టుకోగా అదే ఏడాది వాటికి ఊరటనిచ్చే చట్టం వచ్చింది. 2007లో మళ్లీ రేట్లు పెరిగినప్పుడు జూన్ 26న అనేక స్టేషన్లు ఒక రోజు ప్రసారాలు ఆపి నిరసన తెలిపాయి. చిన్న స్టేషన్లకున్న వెసులుబాటు 2015 చివరితో ముగియగా, వేలాది స్టేషన్లకు నెలవైన లైవ్365 మరుసటి నెలలో మూతపడింది. 2017లో కొత్త యాజమాన్యం దాన్ని తిరిగి తెరిచింది.

పనిచేసే తీరు

సెట్టు ఆన్ చేయగానే ముందు వైఫైకి, తర్వాత జాబితా సర్వర్‌కు కలుస్తుంది. శ్రోత ఎంచుకున్న స్టేషన్ చిరునామా అందగానే నేరుగా ఆ స్టేషన్ సర్వర్‌ను సంప్రదిస్తుంది. వచ్చే ధారను వెంటనే పలికించకుండా కొన్ని సెకన్ల పాటు నిల్వ చేసుకుంటుంది. నెట్ కాసేపు తడబడినా పాట ఆగకుండా చూసేది ఈ నిల్వే. దీని మూలంగా ఆలస్యం తప్పదు. ఒకే కేంద్రాన్ని ఎఫ్ఎంలోనూ ఇంటర్నెట్‌లోనూ పక్కపక్కనే పెడితే, ఇంటర్నెట్ సెట్టులో వార్తలు పదుల సెకన్లు వెనకబడి వినిపించవచ్చు. అందుకే గంట కొట్టినప్పుడు దీన్నిబట్టి గడియారం సరిచేసుకోకూడదు.

డేటా ఖర్చు తక్కువే. 128 కిలోబిట్ల ధార గంటకు సుమారు 58 మెగాబైట్లు, 64 కిలోబిట్లదైతే 29 మెగాబైట్లు. రోజుకు నాలుగు గంటలు విన్నా నెలకు 7 గిగాబైట్లు దాటదు.

ఇంట్లో అమరిక

తొలిసారి పెట్టేటప్పుడు సెట్టు చుట్టుపక్కల వైఫైల పేర్లు చూపిస్తుంది. మన ఇంటిది ఎంచుకుని పాస్‌వర్డ్ ఇవ్వాలి. కీబోర్డు ఉండదు గనుక నాబ్ తిప్పుతూ ఒక్కో అక్షరం దగ్గర ఆగి నొక్కాలి. చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాలు, అంకెలు, గుర్తులు అన్నీ ఒకే వరుసలో తిరుగుతుంటాయి. పదహారు అక్షరాల పాస్‌వర్డ్ అయితే ఓపికకు పరీక్షే. రౌటర్‌కు డబ్ల్యూపీఎస్ మీట ఉంటే అక్కడా ఇక్కడా నొక్కి ఈ తంటా తప్పించుకోవచ్చు. కొత్త సెట్లకు ఫోన్ యాప్ నుంచే పాస్‌వర్డ్ పంపవచ్చు.

చాలా సెట్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే పట్టుకుంటాయి. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఆన్ చేసి ఉంటే సెట్టుకు ఇంటి వైఫై పేరే కనపడదు. కలిసిన తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అడిగితే చేసుకోవాలి. అది జరుగుతుండగా కరెంటు తీయకూడదు. దేశం, భాష, సంగీత రకం వారీగా జాబితా తెరుచుకుంటుంది. నచ్చిన స్టేషన్ పలుకుతుండగా ఒక అంకె మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే అది ఆ మీటకు కుదురుతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో ఈ పని ఎవరో ఒకరు ఒకసారి చేసిపెడితే, ఆ తర్వాత వాళ్లకు మీట నొక్కడం తెలిస్తే చాలు.

తెలుగు శ్రోతలు

భారతదేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా అందింది. 2004 నాటి విధానం ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ అంటే సెకనుకు కనీసం 256 కిలోబిట్లు. అంటే ఇంట్లో నిరాటంకంగా రేడియో వినే వీలు అప్పటికి గానీ రాలేదు. ఈలోగా వరల్డ్‌స్పేస్ ఉపగ్రహ రేడియో వచ్చింది. అందులో ‘స్పందన’ అనే తెలుగు చానల్ ఉండేది. 2009 డిసెంబర్ 31తో భారత్‌లో ఆ సేవ ఆగిపోయింది. చందా కట్టి కొన్న సెట్లు ఇంట్లో అలంకార వస్తువులుగా మిగిలాయి.

ఇంటర్నెట్ ప్రసారాల అవసరం మొదట బలంగా కనిపించింది విదేశాల్లోని తెలుగువారికి. హైదరాబాద్‌లోని తెలుగు వన్ సంస్థ ‘టోరి’ అనే ఇంటర్నెట్ రేడియోను నడిపింది. ఆకాశవాణి హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం కేంద్రాలు ఇప్పుడు ప్రసారభారతి యాప్ ద్వారా ఎక్కడివారికైనా అందుతాయి. ఒకప్పుడు మీడియం వేవ్‌లో రాత్రిపూట గరగరల మధ్య వెతుక్కున్న కేంద్రాన్ని నేడు డల్లాస్‌లోనూ దుబాయిలోనూ స్పష్టంగా వినవచ్చు.

చట్టపరంగా ఒక చిక్కు ఉంది. 2012లో కాపీరైట్ చట్టంలో చేర్చిన 31డి సెక్షన్ ప్రకారం రేడియో, టీవీ ప్రసారకర్తలు నిర్ణీత రుసుము కట్టి పాటలు వేసుకోవచ్చు. ఇంటర్నెట్ ప్రసారాలకు ఇది వర్తించదని బొంబాయి హైకోర్టు 2019లో తీర్పునిచ్చింది. కాబట్టి సినిమా పాటలు వేసే ఇంటర్నెట్ స్టేషన్ ఆయా కంపెనీలతో విడివిడిగా ఒప్పందాలు కుదుర్చుకోవాలి.

ప్రత్యేక సెట్టు మాత్రం ఇక్కడ ఇంటింటి వస్తువు కాలేదు. 2016 తర్వాత చౌకైన డేటా ఫోన్‌నే రేడియోగా మార్చింది. 2017లో సరిగమ కంపెనీ తెచ్చిన ‘కారవాన్’, లోపలే పాటలు నింపుకుని వచ్చిన సెట్టు, పెద్దవాళ్లను ఆకట్టుకుంది. మాట చెబితే స్టేషన్ పెట్టే స్మార్ట్ స్పీకర్లూ అదే ఏడాది వచ్చాయి.

కొనేముందు

ఇంటర్నెట్ రేడియో సెట్టు కొనేవారు నాలుగు విషయాలు చూసుకోవాలి. స్టేషన్ల జాబితా ఎవరిది, తయారీదారు ఎన్నాళ్లు అప్‌డేట్లు ఇస్తానంటున్నాడు అన్నది మొదటిది. రెండోది, జాబితాలో లేని స్టేషన్ చిరునామాను మనమే ఎక్కించుకునే వీలు. మూడోది, ఎఫ్ఎం, బ్లూటూత్ కూడా ఉండటం. ఇంటర్నెట్ సేవ ఆగినా సెట్టు అప్పుడు వృథా కాదు. నాలుగోది డబ్బు దండగ కాకుండా చూసుకోవడం. యూరప్ మోడళ్లలో గొప్పగా చెప్పే డాబ్ ప్లస్ అనే డిజిటల్ రేడియో పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఆకాశవాణి తన డిజిటల్ ప్రసారాలకు డీఆర్ఎం అనే వేరే పద్ధతిని ఎంచుకుంది.

చేతిపని తెలిసినవారికి ఇంకో దారి ఉంది. రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్‌లో ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, పాత రేడియో పెట్టెలో అమర్చి, సొంత సెట్టు చేసుకోవచ్చు. స్టేషన్ల చిరునామాలు అందులో మన దగ్గరే ఉంటాయి. ఏదైనా చిరునామా మారితే మనమే దిద్దుకోవాలి గానీ, ఏ కంపెనీ మూతపడినా అలాంటి సెట్టు ఆగదు.